రెండు కాలాలు, ఒకే ఫొటో
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను వృత్తిరీత్యా ఇంజనీరుని. ఫొటోలు తీయడం నా సరదా. స్వర్ణోత్సవాల రోజున ప్రతి బ్యాచ్ పాత గ్రూపు ఫొటో మీద వాళ్ల ఇప్పటి ఫొటోని కలిపి తీయాలని కమిటీ నిర్ణయించింది. దీన్ని మల్టిపుల్ ఎక్స్‌పోజర్ అంటారు. అదెలా తీస్తారో పది నిమిషాల్లో చెప్పమన్నారు. ఆ రోజు మీరు చేయాల్సిన పని కూడా కొంత ఉంది కాబట్టి శ్రద్ధగా వినండి.

ఇది కొత్త విద్యేమీ కాదు. ‘రాముడు భీముడు’ 1964లో వచ్చింది. ఆ కాలపు ద్విపాత్రాభినయం సినిమాల్లో కెమెరా ముందు సగం నల్లగా మూసి ఒక వేషం తీసేవారు. ఫిల్మును వెనక్కి తిప్పి, రెండో సగం మూసి ఇంకో వేషం తీసేవారు. మూసినచోట ఫిల్ముకి వెలుగు తగలదు. వెలుగు తగలని ఆ చోటే రెండో వేషానికి జాగా.

డిజిటల్ కెమెరాలో ఫిల్ము లేదు, సెన్సారు ఉంది. నా దగ్గరున్న కెనన్ 5డి మార్క్ 3 కెమెరా 2012లో వచ్చింది. దాని సెన్సారులో సుమారు 2 కోట్ల 20 లక్షల గళ్లుంటాయి. ఒక్కో గడిలో ఎంత వెలుగు పడిందో కెమెరా అంకెగా రాసుకుంటుంది. రెండో ఫొటో తీయగానే ఏ గడి అంకెను ఆ గడి అంకెతో కలుపుతుంది. లెక్కల మాస్టారు నేర్పిన కూడికే! ఇలా 2 నుంచి 9 ఫొటోల దాకా కలపవచ్చు.

అయితే ఆ గడి కుండలాంటిది. నిండితే తెలుపు, ఖాళీగా ఉంటే నలుపు. నిండిన కుండలో ఇంకో చుక్క పట్టదు. అందుకే కూడిక పద్ధతిలో రెండు ఫొటోలు కలపాలంటే ఒక్కోదానికి సగం వెలుగే ఇవ్వాలి. మామూలుగా సెకనులో 125వ వంతు సరిపోయే చోట 250వ వంతు పెట్టాలి. నాలుగు కలపాలంటే 500వ వంతు. ఎవరి వాటా వాళ్లు తగ్గించుకుంటేనే అందరికీ చోటు.

ఇంట్లో చేసి చూడాలనుకునే పిల్లలకు ఒక పాఠం చెబుతాను. స్నేహితుణ్ణి పక్కకు తిరిగి నిలబడమని, వెనక తెల్లటి ఆకాశం వచ్చేలా తీయండి. ముఖం నల్లటి నీడలా పడుతుంది. రెండోసారి వేపకొమ్మను తీయండి. ఆకులు ఆ ముఖంలోనే కనిపిస్తాయి, ఆకాశంలో కనిపించవు. ఎందుకో ఇప్పుడు మీకే తెలుసు.

ఇక మన గ్రూపు ఫొటో సంగతి. ఈ కెమెరాలో ఇదివరకే దానితోనే తీసి కార్డులో ఉంచిన రా ఫైలును మొదటి బొమ్మగా ఎంచుకోవచ్చు. కాబట్టి ముందు మీ పాత ఫొటోని ఈ కెమెరాతోనే తీసుకుంటాను. తర్వాత ట్రైపాడ్‌ని అప్పటి ఫొటోగ్రాఫరు నిలబడ్డ చోటే పెట్టి, తెర మీద పాత బొమ్మను చూస్తూ వరండా స్తంభాలను స్తంభాలతో కలుపుతాను. మనుషులు మారారు, స్తంభాలు మారలేదు. వచ్చే వేసవిలో ఈ వరండా తీసేసి కొత్త గదులు కడతారని మీకు తెలుసు. ఆ తర్వాత రెండు కాలాలను కలపడానికి ఈ ఆధారం ఉండదు.

మొన్న సంక్రాంతికి మా 1986 బ్యాచ్‌తో ఒకసారి తీసి చూశాను. వచ్చినవాళ్ల పదిహేనేళ్ల ముఖాలు ఇప్పటి ముఖాలతో కలిసి పలచబడ్డాయి. మాలో ఇద్దరు ఇప్పుడు లేరు. మా లెక్కల మాస్టారూ లేరు. వాళ్ల చోట్లు ఖాళీగా వదిలాం. అక్కడ వెనక ఉన్నది వరండా చీకటి. దాంతో ఫొటో మొత్తంలో ఆ ముగ్గురి ముఖాలే అన్నిటికన్నా స్పష్టంగా పడ్డాయి. చూసి చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

“మాస్టారికి జుట్టు నెరిపించి మన మధ్య కూర్చోబెట్టొచ్చుగా, ఇప్పుడు ఫోన్లోనే అవుతోంది!” అన్నాడొక మిత్రుడు. ప్రేమతోనే అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అలా చేస్తే అది జరగని రోజు ఫొటో అవుతుంది. రేపు మన మనవలు చూసి నిజమనుకుంటారు. మనం తీసేదాంట్లో రెండు రోజులూ నిజంగా జరిగినవే. అతుకు పైకి కనిపిస్తుంది, కనిపించాలి కూడా. కింద రెండు సంవత్సరాలూ వేయిద్దాం.

కాబట్టి నా విన్నపాలు మూడు. ఒకటి, మీ బ్యాచ్ ఫొటో ఎవరింట్లో ఉన్నా వెతికి తీసుకురండి. చెదలు కొట్టినా పరవాలేదు. రెండు, ముదురు రంగు బట్టలు వేసుకోండి. పాత ఫొటోల్లో అందరివీ తెల్ల చొక్కాలే. మీరూ తెల్లవే వేసుకొస్తే కుండ నిండిపోతుంది, ఏమీ మిగలదు. గురువులకు ఈ నియమం లేదు, వారి పంచెలు వారిష్టం. మూడు, అప్పుడు నిలబడ్డ చోటే నిలబడండి. లేనివాళ్ల చోట్లోకి జరగకండి.

చివరిగా ఒక మాట. వెళ్లిపోయినవాళ్లెవరో, కేవలం రానివాళ్లెవరో కెమెరాకి తెలియదు. ఖాళీ చోటు దానికి ఒకటే. డల్లాస్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా, పక్క వీధిలోనే ఉన్నా, రాగలిగినవాళ్లంతా రండి. మీ పాత ముఖం కాస్త మసకబారితే మాకేం బాధలేదు.