సముద్రం అడుగున తంతి

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మా అబ్బాయి చదువు కోసం ఆస్ట్రేలియా వెళ్ళి రెండేళ్ళయింది. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోను చేస్తాడు. అది మోగేసరికి ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతాం. మా అత్తగారికి ఎనభై దాటాయి. కాస్త చెవుడు. మనవడు సముద్రాల కవతల ఉన్నాడు గనుక కేకవేస్తే గాని వినపడదని ఆవిడ నమ్మకం. ‘అన్నం తిన్నావురా?’ అని ఆవిడ అడిగితే వీధి చివరి ఇంటివాళ్ళు కూడా సమాధానం చెప్పవచ్చు! ఒకనాడు నేను నవ్వి, ‘అత్తయ్యగారూ, మాట ఆకాశంలో ఉపగ్రహం మీదుగా పోతుంది. అరవక్కర్లేదు’ అన్నాను. అవతల మావాడు ఇంకా గట్టిగా నవ్వాడు. ‘నువ్వూ పొరబడ్డావమ్మా. మన మాటలు ఆకాశంలో పోవడంలేదు. సముద్రం అడుగున పడుకున్న తీగలోంచి వస్తున్నాయి’ అన్నాడు.

నేను పదో తరగతితో చదువు ఆగిపోయిన దాన్ని. అయినా ఆ మాట నన్ను వదలలేదు. సముద్రం అడుగున తీగ ఎవరు వేశారు? ఎలా వేశారు? గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెప్పించుకుని, మధ్యాహ్నాలు పని తెమిలాక చదివాను. చదివిన కొద్దీ అది ఏదో యంత్రాల కథ కాదు, మన ఇళ్ళల్లో రోజూ జరిగే కథే అనిపించింది. అందుకే మీకు చెబుదామని వచ్చాను.

తంతి వార్తలు నేల మీద స్తంభాలకు కట్టిన తీగల గుండా పోవడం మొదలైన కొద్ది కాలానికే, నీటిని దాటడం ఎలాగన్న సమస్య వచ్చింది. నీళ్ళలో వట్టి తీగ వేస్తే విద్యుత్తు నీళ్ళలోకే పోతుంది. తీగకు తొడుగు కావాలి. మన దేశంలోనే, 1839లో, కలకత్తాలో డాక్టరు ఓషానెస్సీ అనే ఆయన తీగకు కీలు పూసి, చీల్చిన పేము తొడిగి హుగ్లీ నదిలో వేసి సందేశం పంపి చూశారు. నదికి అది సరిపోయింది. సముద్రానికి చాలదు గదా!

సముద్రానికి పనికివచ్చిన తొడుగు ఒక చెట్టు పాలు. మలయా అడవుల్లో పెరిగే ఆ చెట్టు పాలను గట్టాపర్చా అంటారు. వేడినీళ్ళలో వేస్తే మైదాపిండి ముద్దలా మెత్తబడుతుంది, ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారానికి వస్తుంది. చల్లారితే గట్టిపడుతుంది. చలిలో, ఒత్తిడిలో, ఉప్పునీటిలో ఏళ్ళ తరబడి చెడదు. 1843లో మాంట్‌గొమెరీ అనే వైద్యుడు దీన్ని ఇంగ్లండుకు పరిచయం చేశాడు. తర్వాత సుమారు ఎనభై, తొంభై ఏళ్ళు లోకంలోని సముద్రపు తీగలన్నీ ఆ పాల తొడుగుతోనే బతికాయి. కాని ఆ పాలకోసం చెట్టుకు గాటు పెట్టి ఊరుకోలేదు, చెట్టునే నరికేశారు. పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి మలయాలో చాలాచోట్ల ఆ చెట్టు కనబడటమే అరుదైపోయింది. తీగ వేసినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ చెట్లు కొట్టిన కూలీల పేర్లు ఎక్కడా లేవు.

1850లో బ్రెట్ సోదరులు ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య మొదటి తీగ వేశారు. ఒక్కరోజైనా సరిగా పనిచేయలేదు. ఒక జాలరి వలకు తగిలి తెగిందని చెబుతారు. మరుసటి ఏడు దానికి ఇనుప తీగల కవచం చుట్టి మళ్ళీ వేశారు. ఈసారి నిలిచింది. దాంతో అందరి చూపూ అట్లాంటిక్ మహాసముద్రం మీద పడింది.

న్యూయార్కులో సైరస్ ఫీల్డ్ అని ఒక కాగితాల వ్యాపారి ఉండేవాడు. విద్యుత్తు సంగతి ఆయనకేమీ తెలియదు. పట్టుదల మాత్రం ఉంది. ఐర్లండు నుంచి న్యూఫౌండ్‌లాండుకు తీగ వేయాలని 1856లో కంపెనీ పెట్టించాడు. దూరం రెండువేల మైళ్ళకు దగ్గర. లోతు కొన్నిచోట్ల రెండు మైళ్ళు దాటుతుంది. తీగ మొత్తాన్ని మోయగల ఓడే ఆనాడు లేదు. సగం ‘అగమెమ్నాన్’ అనే ఇంగ్లీషు యుద్ధనౌకలో, సగం ‘నయాగరా’ అనే అమెరికా నౌకలో చుట్టలు చుట్టి పెట్టారు. 1857లో మొదటి ప్రయత్నం. కొన్ని వందల మైళ్ళు వెళ్ళాక తీగ తెగి సముద్రం పాలైంది. 1858 జూనులో మళ్ళీ వెళ్ళారు. పెనుతుపానుకు అగమెమ్నాన్ మునిగినంత పనైంది. తీగ మళ్ళీ మళ్ళీ తెగింది. జూలైలో ఇంకొకసారి వెళ్ళి, నడిసముద్రంలో రెండు చివరలనూ కలిపి, ఒక ఓడ తూర్పుకూ ఒక ఓడ పడమటికీ సాగాయి. ఆగస్టు 5న రెండూ ఒడ్డు చేరాయి. తీగ తెగలేదు!

రెండు దేశాల్లోనూ ఒకటే సంబరం. బాణసంచా కాల్చారు, గంటలు మోగించారు. ఆగస్టు 16న విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి సందేశం పంపింది. అందులో ఉన్నవి 98 మాటలు. అవి చేరడానికి పట్టింది 16 గంటలు!

ఇంత ఆలస్యం ఎందుకు? పొడుగాటి పంటకాలువకు ఈ చివర తూము ఎత్తామనుకోండి. ఆ చివరి పొలంలో నీళ్ళు ఒక్కసారిగా రావు. ముందు తడి కనిపిస్తుంది, తర్వాత మెల్లమెల్లగా మట్టం పెరుగుతుంది. సముద్రపు తీగలో విద్యుత్తూ అంతే. ఒక సంకేతం పూర్తిగా దిగకముందే ఇంకొకటి పంపితే రెండూ కలగాపులగమవుతాయి. విలియం థామ్సన్ అనే శాస్త్రవేత్త ఈ సంగతిని 1850ల మధ్యలోనే లెక్కగట్టి చెప్పాడు. తీగ పొడవు రెట్టింపైతే ఆలస్యం నాలుగింతలవుతుందన్నాడు. కాని కంపెనీ వారి విద్యుత్ నిపుణుడు వైట్‌హౌస్, వృత్తిరీత్యా శస్త్రవైద్యుడు, ఈ మాట ఒప్పుకోలేదు. సందేశం సరిగా వినబడకపోతే ఇంకా బలంగా తోయాలి అన్నాడు. పెద్దపెద్ద విద్యుత్ చుట్టలు పెట్టి, రెండువేల వోల్టుల దాకా ప్రయోగించాడు. ఆ తీగ అసలే లోపాలున్నది, ఎండలో ఆరుబయట పడి ఉండి తొడుగు దెబ్బతిన్నది. ఇక ఆ తాకిడిని తట్టుకుంటుందా? సెప్టెంబరు మొదటివారానికే మూగబోయింది. నెలరోజులైనా బతకలేదు.

థామ్సన్ చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. తీగలోకి పంపే శక్తి పెంచలేదు, అందుకునే పరికరాన్ని సున్నితం చేశాడు. చిటికెనవేలి గోరంత అద్దం, దాని వెనుక సన్నని అయస్కాంతం ముక్కలు అంటించి, పట్టుదారంతో వేలాడదీశాడు. చుట్టూ రాగితీగ చుట్ట. దీపం వెలుగు ఆ అద్దం మీదపడి ఎదుటి కొలబద్ద మీద చుక్కగా కనబడుతుంది. తీగలో ఏ కొంచెం విద్యుత్తు వచ్చినా అద్దం కదులుతుంది, వెలుగుచుక్క కుడికో ఎడమకో జరుగుతుంది. చీకటిగదిలో కూర్చుని ఆ చుక్కను చూస్తూ అక్షరాలు కూర్చుకోవాలి. ఆ 1858 తీగ పలికిన నాలుగు మాటలూ చాలావరకు ఈ అద్దం పుణ్యమే. ఒకాయన గట్టిగా అరిచాడు, ఇంకొకాయన శ్రద్ధగా విన్నాడు. తేడా అదీ!

ఆ కొద్దిరోజుల్లో ఆ తీగ మీద పోయిన సందేశాల్లో మన దేశానికి సంబంధించింది ఒకటుంది. 1857 తిరుగుబాటును అణచడానికని కెనడా ప్రాంతంలోని రెండు దళాలను ఓడ ఎక్కమని ఇంగ్లండు ఉత్తరువులిచ్చింది. తర్వాత అవసరం లేదనుకుని, 1858 ఆగస్టు 31న తంతి ద్వారా ఆపించింది. దానివల్ల ఆ ప్రభుత్వానికి 50,000 పౌండ్లు మిగిలాయట. మన వాళ్ళ కన్నీళ్ళు ఏ లెక్కలోనూ రాలేదు. తీగకు మంచీ చెడూ తెలియదు. పంపినవాడి బుద్ధే దాని బుద్ధి.

తర్వాత మన దేశానికి ఎర్రసముద్రం మీదుగా 1859, 60 సంవత్సరాల్లో వేసిన తీగ కూడా పాడైపోయింది. 8 లక్షల పౌండ్లు నీళ్ళపాలు. అప్పుడు ప్రభుత్వమూ కంపెనీ కలిసి విచారణ సంఘం వేశాయి. అంతవరకు లోకంలో వేసిన సుమారు 11,000 మైళ్ళ సముద్రపు తీగల్లో పనిచేస్తున్నవి 3,000 మైళ్ళేనని తేలింది. ఆ సంఘం ఎక్కడ తప్పు జరిగిందో ఒక్కొక్కటే విప్పి చూసింది. మంచి రాగి, మందమైన తొడుగు, వేసేముందు నీళ్ళలో ముంచి పరీక్ష. ఇల్లాలు కొత్త కుండను నీళ్ళుపోసి చూసి గాని పొయ్యి మీద పెట్టదు గదా!

1865లో ‘గ్రేట్ ఈస్టర్న్’ అనే మహానౌక వచ్చింది. పొడవు 692 అడుగులు. ప్రయాణీకుల కోసం కట్టినా ఆ వ్యాపారం సాగక నష్టాల్లో పడిన ఓడ అది. తీగ మొత్తాన్ని తన కడుపులో దాచుకుని బయలుదేరింది. సుమారు 1,200 మైళ్ళు వేశాక తీగ తెగి రెండుమైళ్ళ లోతుకు జారిపోయింది. కొక్కేలు వేసి వెదికారు, అందింది, మళ్ళీ జారింది. చివరికి తాళ్ళు అయిపోయి ఉత్తచేతులతో తిరిగి వెళ్ళారు. 1866లో కొత్త తీగతో వచ్చి, జూలై 27న న్యూఫౌండ్‌లాండు ఒడ్డు చేర్చారు. అంతటితో ఆగలేదు. వెనక్కి వెళ్ళి, నిరుడు పోగొట్టుకున్న తీగకోసం మళ్ళీ కొక్కేలు దింపారు.

ఇక్కడ నాకు ఎంతో నచ్చిన ఘట్టం ఒకటుంది. ఐర్లండు ఒడ్డున వాలెన్షియా అనే చోట, తెగిపోయిన ఆ తీగ చివర దగ్గర చీకటిగదిలో మనుషులు కాపలా కూర్చునేవారు. అవతల ఎవరూ లేరని తెలుసు. అయినా ఆ వెలుగుచుక్కను చూస్తూనే ఉన్నారు. సముద్రగర్భపు విద్యుత్తుకు అది అప్పుడప్పుడూ అర్థంలేకుండా ఊగులాడేది. సెప్టెంబరు 2, ఆదివారం తెల్లవారుజామున ఆ ఊగులాట మారింది. చుక్క అక్షరాలు పలకసాగింది! నడిసముద్రంలో ఓడవారికి తీగ చివర దొరికింది. ఏడాది మౌనం తర్వాత తీగ మాట్లాడింది. ఆ వారంలోనే దాన్నీ పూర్తి చేశారు. ఆనాటి నుంచి అట్లాంటిక్ అడుగున ఒకటికి రెండు తీగలు.

అదే గ్రేట్ ఈస్టర్న్ 1870లో బొంబాయి వచ్చి అక్కడి నుంచి ఏడెన్‌కు తీగ వేసింది. ఆ జూనుకల్లా బొంబాయికీ లండనుకూ సముద్రమార్గాన తంతి కలిసింది. 1857లో మీరట్‌లో తిరుగుబాటు వార్త లండను చేరడానికి నెలపైన పట్టింది. ఇప్పుడు గంటల లెక్కకు వచ్చింది. 1871లో మద్రాసు నుంచి పినాంగుకు, అక్కడి నుంచి సింగపూరుకు తీగ పడింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోవే. 1872కల్లా జావా మీదుగా ఆస్ట్రేలియా కూడా ఆ వరుసలో చేరింది. అంటే మావాడున్న దేశానికి మాట వెళ్ళిన పాతదారి మన మద్రాసు మీదుగానే అన్నమాట! మన దేశంలో టెలిగ్రాం 2013 జూలైలో సెలవు తీసుకుంది. రాగి పోయి గాజుపోగులు వచ్చాయి. కాని ఖండాల మధ్య మాటల్లో అధికభాగం నేటికీ సముద్రం అడుగునుంచే పోతున్నాయి.

ఇక మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. మొన్న వర్షాకాలంలో ఒక ఆదివారం నేను ఎప్పటిలాగే వాడికి జాగ్రత్తలు చెబుతున్నాను. పెరుగు వేసుకుంటున్నావా, డబ్బు దుబారా చేయకు, పరీక్షలెప్పుడు. అన్నిటికీ ‘ఊఁ, బాగానే ఉన్నానమ్మా’ అన్నాడు. ఫోను పెట్టేశాక అత్తగారు నా వంక చూసి, ‘అమ్మాయ్, వాడి గొంతులో జీవం లేదే’ అన్నారు. కేకలు వేసే ఆవిడ, చెవుడున్న ఆవిడ! నేను కొట్టిపారేశాను. నాలుగురోజుల తర్వాత వాడి గదిలో ఉండే అబ్బాయి చెప్పాడు. కామెర్లు వచ్చి రెండువారాలుగా మంచంలో ఉన్నాడట, మేము కంగారుపడతామని చెప్పలేదట. ఇప్పుడు కులాసాగా ఉన్నాడు. కాని ఆనాటి రాత్రి నాకు నిద్రపట్టలేదు. రెండువేల వోల్టుల జాగ్రత్తలు పంపాను గాని, అటునుంచి వచ్చిన చిన్న సంకేతాన్ని అందుకోలేకపోయాను.

అప్పటి నుంచి ఆదివారం ఫోనులో నా మాటలు తగ్గించాను. వాడు ‘బాగానే ఉన్నా’ అన్నాక కూడా కాసేపు ఊరుకుంటాను. ఆ ఊరుకున్నప్పుడే అసలు సంగతులు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి.

మీ పిల్లలు దూరదేశంలో ఉన్నా, పక్కగదిలో ఉన్నా, ఇలా ఒకసారి చేసి చూడండి.