ముందుగా కొలత

గల్ఫ్ నుండి మీ కుమారుడు పంపిన లక్ష రూపాయలు మీ చేతిలో ఉన్నవనుకొనండి. వేగంగా పెరిగే ఒక్క షేరులో అంతా పెట్టేయమని ఎవరో చెప్పుచున్నారు. ఒక్క క్షణం ఆగండి!

అట్టి షేరును ఎలా గుర్తుపడతారు? ఏటేటా అమ్మకాలు, లాభాలు పెరుగుచున్నవా అని చూస్తారు. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో అవన్నీ కనిపించినవి. అయితే లేని 5,040 కోట్ల నగదును ఉన్నట్లు చూపామని 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు గారే ఒప్పుకొన్నారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40కి పడిపోయినది. ముందురోజు లక్షకు కొన్నవారికి మిగిలినది 22 వేలు!

స్టాప్‌లాస్ పెట్టవచ్చు గదా అంటారేమో. పెట్టండి, మంచిదే. కాని అంత వేగంగా పడే రోజున మీరు చెప్పిన ధరకే అమ్ముడుపోవునన్న హామీ లేదు.

కాబట్టి ప్రియులారా, షేరు పేరుకన్నా ముందు కొలత నిర్ణయించుకొనండి. 10 వేలే పెట్టినవారు ఆనాడు పోగొట్టుకొన్నది 8 వేల లోపే. అదే 10 వేలు మరో షేరులో పదిరెట్లయితే, మిగిలిన 90 వేలతో కలిపి లక్షా 90 వేలగును. చిన్న కొలత పెద్ద లాభమునకు అడ్డురాదు, పెద్ద నష్టమునకే అడ్డు నిలుచును.

1996 నవంబరు తుపానుకు కొబ్బరితోటలు ఒక్క రాత్రిలో నేలకూలుట మన కోనసీమ చూచినది. తోట ఒక్కటే ఆధారమైన ఇల్లు ఎంత అల్లాడినదో పెద్దలనడగండి.

ఈ రాత్రే ఒక కాగితము తీసికొని, పోయినా మీ ఇల్లు కదలని మొత్తమెంతో వ్రాసికొనండి. షేరు పేరు తరువాత వ్రాయవచ్చును.