ఆమవాతము: స్త్రీల శరీరమందలి క్రొవ్వు, ఎముకల బలము

(రజతోత్సవ సభలలో స్త్రీల ఆరోగ్యమును గూర్చి చేయబడిన ప్రసంగ పాఠము)



కీళ్ళనొప్పులు లేని యిల్లు పల్లెలలో అరుదు. అయితే ఆ నొప్పులన్నియు ఒక్క జాతివి కావు. వయస్సు మీరినకొలది మోకాళ్ళు అరిగి వచ్చు నొప్పి వేరు. చేతివ్రేళ్ళ కణుపులు, మణికట్లు ఇరుప్రక్కల నొకే తీరున వాచి, తెల్లవారి లేచినది మొదలు గంటసేపు పిడికిలి బిగియనీయని జబ్బు వేరు. ఈ రెండవదానినే పాశ్చాత్య వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అందురు. మాధవనిదానమున ఆమవాతమను పేర వర్ణింపబడిన లక్షణములు దీనికి మిక్కిలి సమీపముగా నున్నవి గావున ఇచ్చట ఆ పేరే వాడబడుచున్నది.

1800 సంవత్సరమున పారిస్ నగరమందలి సాల్పెత్రియేర్ వైద్యశాలలో లాండ్రే బోవే అను యువవైద్యుడు తొమ్మండుగురు రోగులను పరీక్షించి ఈ వ్యాధిని గూర్చి తన పట్టపు వ్యాసమున వ్రాసెను. ఆ తొమ్మండుగురును స్త్రీలే. అది స్త్రీలకొరకైన వైద్యశాల గనుక అందులో వింత లేదనవచ్చును. కాని నేటి లెక్కలను బట్టి చూచినను, ఈ వ్యాధి పురుషుడొక్కనికి వచ్చినచో స్త్రీలిద్దరికో ముగ్గురికో వచ్చుచున్నది. 1859లో ఇంగ్లండున గారడ్ అను వైద్యుడు దీనికి నేటి పేరు పెట్టెను. లోకమున నూటికి ఒకరికో, అంతకు కొంచెము తక్కువమందికో ఇది కలదు. ఇంటి చాకిరి, పొలము పని, పిల్లల పెంపకము అన్నియు నెత్తిమీద నున్న వయస్సుననే, అనగా ముప్పదికిని అరువదికిని నడుమ, తరచుగా ఇది పట్టుకొనును.

శరీరమును కాపాడవలసిన రక్షకశక్తియే దారితప్పి కీలులోపలి పొరపై దాడిచేయుట ఈ వ్యాధికి మూలము. నొప్పి కీలులో నున్నది గనుక చూపంతయు కీలుమీదనే నిలుచును. ఎముకలలో జరుగు నష్టమునకు నొప్పి లేదు, వాపు లేదు. అది బయటపడు దినము ఎముక విరిగిన దినమే. ఆమవాతము గల స్త్రీలకు తుంటియెముక విరుగు ప్రమాదము ఇతరులకంటె సుమారు రెండింతలు. వెన్నుపూసలు అణగుటయు అట్లే అధికము.

ఎముకను రాతివంటిదని తలచుట పొరపాటు. అది జీవముగల పదార్థము. పాత ఎముకను కొరికి తీసివేయు కణములు కొన్ని, ఆ స్థానమున క్రొత్తది పూడ్చు కణములు కొన్ని అహర్నిశలు పని చేయుచునే యుండును. గోడలో చెడిన ఇటుకను ఊడదీయువాడును, క్రొత్త ఇటుక పెట్టువాడును సమముగా పని చేసినంతకాలము గోడకు లోటు లేదు. ఆమవాతమున టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్ మొదలగు తాప పదార్థములు రక్తమున పెరిగి, ఊడదీయువానికి ఉత్సాహమును, పెట్టువానికి నీరసమును కలిగించును. ముట్లుడిగిన పిమ్మట ఈస్ట్రోజెన్ అను స్త్రీరసము తగ్గుటచే అదే నష్టము మరియొక మార్గమున వచ్చును. నొప్పిచే కదలక కూర్చుండుటచే మూడవ మార్గమును తెరవబడును.

ఇక క్రొవ్వు సంగతి. ఒళ్ళు చేసిన మనిషికి ఎముక గట్టిదని పెద్దలందురు. ఇందు సగము సత్యమున్నది. శరీరభారమును మోయు ఎముక ఆ భారమునకు తగినట్లు బలపడును. అంతేకాక, ముట్లుడిగిన స్త్రీకి క్రొవ్వు కణములే కొంత ఈస్ట్రోజెనును తయారుచేసి యిచ్చును. అందుచేతనే బక్కపలచని రోగిణులలో ఎముకల సాంద్రత తక్కువగా నుండుట పలు పరిశీలనలలో కానవచ్చినది. 2008లో షెఫీల్డు విశ్వవిద్యాలయము వారు ప్రకటించిన ఫ్రాక్స్ అను గణనపద్ధతిలో ఎముక విరుగు ప్రమాదమును లెక్కించుటకు ఆమవాతమొక ప్రత్యేక కారణముగా చేర్చబడినది. తక్కువ బరువును అందు లెక్కకు వచ్చును.

మిగిలిన సగము తెలియకపోవుటచేతనే చిక్కు. ఆమవాతమున కండ కరగును, ఆ స్థానమున క్రొవ్వు చేరును. త్రాసు ముల్లు మాత్రము కదలదు. అయిదేండ్ల క్రిందట 55 కిలోలున్న యిల్లాలు నేడును 55 కిలోలే తూగవచ్చును; కాని ఆనాటి తొడలోని కండ నేడు కడుపుమీది క్రొవ్వుగా మారియుండును. చూచినవారు "కోలుకొన్నావమ్మా, ఒళ్ళు నిండినది" అందురు. ఆమెకు మాత్రము పీటమీదనుండి లేచుటకు చేయి ఊతము కావలసివచ్చును. ఈ స్థితిని వైద్యులు రుమటాయిడ్ కృశత్వమనుచున్నారు. కృశత్వమనగా చిక్కిపోవుట, చిక్కినట్లు కనబడని చిక్కుట యిది.

ఎత్తుకు తగిన బరువున్నదా లేదా యని చూచు లెక్క భారతీయుల విషయమున మరింత మోసము చేయును. దీనికొక ముచ్చటైన దృష్టాంతము కలదు. 2004లో పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ యిద్దరి కొలతలను ఒక వైద్యపత్రికలో ప్రకటించిరి. ఎత్తుబరువుల లెక్కలో ఇరువురిదియు 22.3 అను ఒకే సంఖ్య. శరీరమందలి క్రొవ్వు మాత్రము ఆంగ్లేయునకు నూటికి 9.1, భారతీయునకు 21.2. సన్నగా కనబడు దేహములోనే క్రొవ్వు దాగియుండునని దీనివలన తేలుచున్నది. ఆరోగ్యవంతుని మాటయే యిట్లున్నప్పుడు, కండను హరించు వ్యాధి సోకిన స్త్రీ మాట చెప్పనేల?

క్రొవ్వు ఎంత యున్నదను ప్రశ్న ఎంత ముఖ్యమో, ఎచ్చట నున్నదను ప్రశ్నయు అంత ముఖ్యము. కడుపులోపల పేగుల చుట్టు చేరిన క్రొవ్వు ఊరక పడియుండు మూట కాదు; తాప పదార్థములను తానును పుట్టించి రక్తములోనికి వదలును. ఎముకల మూలుగలోని మూలకణములు ఎముక కట్టు కణములుగానైనను, క్రొవ్వు కణములుగానైనను మారగలవు. ఎక్కువ భాగము క్రొవ్వు దారి పట్టినచో ఎముక కట్టువారు కరవగుదురు. స్థూలకాయులైన రోగిణులలో ఎక్స్‌రే చిత్రమున కీళ్ళ చెరుపు కొంత తక్కువగా కనబడినట్లు కొన్ని పరిశోధనలు చెప్పినవి. కాని వారికే నొప్పి, అశక్తత హెచ్చనియు, మందులకు వ్యాధి లొంగుట కష్టమనియు కూడ తేలినది. కావున క్రొవ్వును పెంచి ఎముకను కాచుకొందమనుట సరియైన బేరము కాదు.

ఎముక, క్రొవ్వు రెంటిని ఒకేసారి చెరుపు వస్తువొకటి మందుల దుకాణమందే యున్నది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో వైద్యశాలయందు డాక్టరు హెంచ్ ఆమవాతముతో మంచము పట్టిన 29 ఏండ్ల యువతికి కార్టిజోన్ అను రసమును సూదిద్వారా ఇచ్చెను. కొలది దినములకే ఆమె లేచి నడిచెను. 1950లో హెంచ్‌కును, ఆయన సహచరుడు కెండాల్‌కును, స్విట్జర్లండున పనిచేసిన రైక్‌స్టైన్‌కును నోబెల్ బహుమానము లభించెను. అనతికాలమునకే దాని రెండవ ముఖము కనబడినది. ముఖము గుండ్రమగుట, మెడ వెనుకను కడుపుమీదను క్రొవ్వు చేరుట, చేతులు కాళ్ళు సన్నబడుట, ఎముకలు గుల్లబారుట! ఈ జాతి మందులనే స్టెరాయిడ్లందురు. దినమునకు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోనైనను నెలల తరబడి మ్రింగినచో ఎముక విరుగు ప్రమాదము పెరుగును. తొలి మూడు నుండి ఆరు నెలలలోనే నష్టము వేగముగా జరుగును.

ఈ మందు విషమని చెప్పుట ఉద్దేశము కాదు. వ్యాధి ఉద్రేకించినపుడు వైద్యుడు కొలది కాలము, కొలది మోతాదున ఇచ్చుట న్యాయమే. చీటీ లేకయే దుకాణమున "నొప్పి బిళ్ళలు" అని కొని, ఇరుగుపొరుగువారికి పనిచేసినదని తానును వాడుటలోనే అపాయమున్నది. రెండు బిళ్ళలతో వ్రేళ్ళు ముడుచుకొనును, ఆకలి పుట్టును, బుగ్గలు నిండును. ఇంతకంటె గుణము కనబడు మందు మరియొకటి లేదని ఆ యిల్లాలు నమ్ముటలో తప్పేమున్నది? ఏండ్లు గడచిన పిమ్మట అది స్టెరాయిడని తెలిసి భయపడి ఒక్కసారిగా మానివేయుట మరియొక అపాయము. శరీరము తన సొంత రసమును తయారుచేయుట మరచియుండును గనుక ప్రాణమునకే ముప్పు రావచ్చును. వైద్యుని పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించుకొనవలెను.

వ్యాధిని మూలమున అణచు మందులలో ప్రథమస్థానము మెథోట్రెక్సేట్‌ది. ఇది తెలుగువారికి పరాయిది కాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకులై యుండగా, వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. ఆ ఆమ్లమునకు ఎదురుతిరుగు పదార్థములలో ఒకటి ఈ మందు. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, హెంచ్ తొలి సూది వేయుటకు కొద్ది వారములు ముందుగా, కన్నుమూసిరి. తొలుత రక్తపు క్యాన్సరుకొరకు వచ్చిన మందు 1988లో అమెరికా ప్రభుత్వముచే ఆమవాతమునకును అంగీకరింపబడినది. వ్యాధి శాంతించినకొలది ఎముకల తరుగుదలయు మందగించును. అయితే ఇది వారమునకు ఒక్కనాడు మాత్రమే వేసికొనవలసిన మందు. దినదినము వేసికొనుటచే ప్రాణములు పోయిన సందర్భములు కలవు. చదువు రాని తల్లికి ఆ వారము పేరు క్యాలెండరులో ఎఱ్ఱసిరాతో గుర్తుపెట్టి చూపుట ఇంటిలోని పిల్లల పని. గర్భవతులు దీనిని తాకరాదు.

ఎముకల సాంద్రతను కొలుచుటకు డెక్సా అను పరీక్ష కలదు. యువతుల సగటుకంటె 2.5 ప్రామాణిక విచలనములు తగ్గినచో ఎముకలు గుల్లబారినవని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1994లో నిర్ణయించెను. అదే యంత్రము కండ యెంత, క్రొవ్వెంత అనియు వేరుచేసి చెప్పగలదు. పట్టణమునకు పోయి ఆ పరీక్ష చేయించుకొనువారు ఎముకల సంఖ్యతోపాటు ఈ రెండవ సంఖ్యను గూడ అడుగుట మేలు.

ఆహారమున సున్నపు ధాతువు దినమునకు 1000 మిల్లీగ్రాములకు తగ్గరాదు. నూరు గ్రాముల బియ్యమున అది 10 మిల్లీగ్రాములకు మించదు. అంతే రాగులలో సుమారు 350 కలదు. ఆవుపాలు నూరు గ్రాములకు 120. రాగిసంకటి, మజ్జిగ, మునగాకు, నువ్వులు తిన్న అవ్వలను చూచి నవ్వి, మూడుపూటల తెల్లన్నమునకు దిగిన తరము నష్టపోయినదనక తప్పదు. ఎండ యింత కాయు దేశమున డి విటమినుకు లోటేమని తోచును. కాని తిరుపతి వైద్యవిజ్ఞానసంస్థ వారు ఆంధ్రప్రదేశమున జరిపిన పరిశోధనలలో పట్టణవాసులకే కాదు, పొలములలో పనిచేయువారికిని అది చాలినంత లేదని తేలినది.

కండను తిరిగి సంపాదించుటకు తిండి ఒక్కటే చాలదు, పనియు కావలెను. కీళ్ళనొప్పి మనిషి కదలరాదను నమ్మకము వేళ్ళూనియున్నది. 2009లో వేల్సు దేశమున బాంగర్ విశ్వవిద్యాలయము వారు ఆమవాతరోగులచే వారమునకు రెండుమారులు, 24 వారములపాటు బరువులెత్తు వ్యాయామము చేయించి చూచిరి. కండ పెరిగెను, నడుము చుట్టునున్న క్రొవ్వు తరిగెను, కీళ్ళ వ్యాధి ముదరలేదు. ఇంటిలో చేయదలచువారు కుర్చీలోనుండి చేతి ఊతము లేక లేచి కూర్చుండుటను పదిసార్లతో ఆరంభింపవచ్చును. కీళ్ళు ఎఱ్ఱగా వాచియున్న దినములలో దానిని ఆపవలెను.

ఎముకలు విరుగుట చాలవరకు పడుటవలననే. రాత్రివేళ మంచము దిగి దొడ్డిలోనికి పోవు దారిలో పాచిపట్టిన రాయి, గడప దగ్గర పరచిన పాత గోనెపట్టా, దీపము లేని మెట్టు — ఈ మూడింటిని సరిచేయుటకు ఒక మధ్యాహ్నము చాలును.