ఊళ్లె చెలక, పట్నంల అడ్డా
(బోరబండలో పాలమూరు, నల్లమల వలస కూలీల ముందు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుగాల సద్దిగిన్నె పట్టుకొని అడ్డా మీద నిలబడేటోళ్లం మనం. పక్కనున్న జూబ్లీహిల్స్, ఫిలింనగర్ బంగళాలకు రాళ్లు మోసింది మనమే. అచ్చంపేట, అమ్రాబాద్, లింగాల, కొల్లాపూర్ దిక్కు నుంచి వచ్చిన మనకు ఊళ్లో ఎకరమో, రెండెకరాలో చెలక ఉంది. అది ఎందుకు బీడు పడింది? నీళ్లు లేక. దాంతోపాటు, రావలసిన సాయం ఎవరి దగ్గర ఉందో తెలువక.

దేశంలోని ఆనకట్టలకు మట్టి మోసిన పేరు పాలమూరు లేబర్‌ది. మన చెలకల్ల మీది మన్ను వానకు కొట్టుకపోతుంటే మాత్రం గట్టు పోసుకోలేకపోయినం. వాటర్‌షెడ్ పనులు ఎట్ల చేయాలో 1994లో దేశానికి చెప్పిన కమిటీకి అధ్యక్షుడు తెలంగాణ బిడ్డ సి.హెచ్. హనుమంతరావు. ఆ పనులను ఊరివాళ్లే నడపాలన్నది ఆ కమిటీ మాట. ఊరివాళ్లమైన మనం ఇక్కడున్నం!

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడి తెచ్చుకున్నం. 2018లో ఎకరాకు, పంటకు 4 వేలతో రైతుబంధు మొదలైంది. 2025 జనవరి 26న అది రైతుభరోసా అయింది, ఎకరాకు ఏడాదికి 12 వేలన్నరు. కేంద్రం కిసాన్ సమ్మాన్ కింద ఏడాదికి 6 వేలు మూడు విడతల్లో ఇస్తున్నది. 2025 మే 19న అమ్రాబాద్ మండలం మాచారంలోనే పోడు పట్టా భూములకు సోలార్ పంపుల పథకం, ఇందిర సౌర గిరి జల వికాసం, మొదలుపెట్టిండ్రు. 12,600 కోట్లు, 6 లక్షల ఎకరాలన్నరు. మన గడప ముందట మొదలైన ఆ పథకంలో మన పేరుందా? గ్రామసభ ఎప్పుడో అడ్డా మీదున్నోనికి తెలువదు. దళారికి తెలుస్తది.

మాలో ఒకరి ఇంట్ల జరిగిన సంగతి చెప్తం. 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమా 18 నుంచి 59 ఏండ్ల రైతుకు 5 లక్షలది. ఆ ఇంటి పెద్ద నామినీగా రాయించిన తల్లి ముందే కాలం చేసింది. పేరు మార్చుకునే రోజుల్లో ఆయన ఇక్కడ సెంట్రింగ్ పని మీద ఉన్నడు. ఆయన పోయినంక పిల్లలు కాగితం కోసం నెలల తరబడి తిరిగిండ్రు.

అందుకే గుర్తుపెట్టుకోండి. రాష్ట్రంలో 2,601 రైతువేదికలు కట్టిండ్రు. సుమారు 5 వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి. ముందు ఆయన దగ్గర మీ పేరు, బ్యాంకు ఖాతా, నామినీ చూసుకోండి. పాసుబుక్కుల తప్పుంటే తహసీల్దారుకు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. చెంచు అన్నదమ్ములు మన్ననూరు ఐటీడీఏలో అడగాలె. పోడు సంగతి 2006 చట్టంలో ఉంది: 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు 4 హెక్టార్ల దాకా హక్కు. దరఖాస్తు ముందుగా గ్రామసభకే పోవాలె. కాదంటే కాదని రాసిమ్మనండి, 60 రోజుల్లో పైకి అప్పీలు చేయండి. ఊరికి పోలేనోళ్లు 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్‌కు చేయండి, తెలుగులోనే చెప్తరు, పైసా ఖర్చు లేదు. జవాబియ్యకుంటే సమాచార హక్కు ఉంది: ఊళ్లో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో చెప్పాలె.

ఇంకో మాట. మన చెలకను కౌలుకు దున్నేటోడు కూడా మనోడే. కౌలుదారులకు గుర్తింపు కార్డులియ్యాలని 2011లోనే చట్టం వచ్చింది. 2023 ఎన్నికల్లో కౌలు రైతుకూ భరోసా ఇస్తమని విన్నం. 2025 జనవరిలో పైసలు పడ్డప్పుడు పట్టా ఉన్నోన్నే లెక్కల పట్టిండ్రు. పైసలు పట్టాకు, అప్పులు కౌలుకా? ఇది మనం అడగకుంటే ఎవరడుగుతరు?

ఈ దసరాకు ఊరికి పోయేటప్పుడు పిల్లలకు బట్టలతోపాటు పాసుబుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం సంచిల పెట్టుకోండి. చదువొచ్చిన పోరగాండ్లు గల్లీకి ఇద్దరు ముందుకొస్తే దరఖాస్తులు మేం కూసొని రాయిస్తం. ఇది బిచ్చం కాదు. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో మన వాటా.

జై తెలంగాణ!