పన్నెండు దీవుల మీద వేసవి ప్రయాణము
(కుటుంబ సహవాస కూటములో చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశము వేసవి సెలవుల ప్రయాణము. ఏ ఊటీ గురించో, కొడైకెనాలు గురించో చెప్పమంటే తేలికగా ఉండేది. కాని మన సంఘములో నాలుగైదు కుటుంబములవారి పిల్లలు ఇప్పుడు జర్మనీలోను, హాలెండులోను ఉద్యోగములు చేస్తున్నారు. "అమ్మా, నాన్నా, వేసవికి రండి, గ్రీసు దీవులు చూపిస్తాము" అని వారు అంటున్నారు. ఇక్కడ పెద్దవారు "పత్మాసు కూడా ఆ చుట్టుపక్కలే గదా?" అని అడుగుతున్నారు. మా అబ్బాయి కుటుంబముతో రెండుసార్లు అటు వెళ్ళివచ్చిన వాణ్ణి గనుక కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నారు.

ముందు ఆ చోటు ఎక్కడో చెబుతాను. గ్రీసుకు తూర్పుగా, టర్కీ ఒడ్డును ఆనుకొని ఒక దీవుల వరుస ఉన్నది. దానిని డోడెకనీసు అంటారు. గ్రీకు భాషలో పన్నెండు దీవులని అర్థము. పేరుకు పన్నెండే గాని జనము నివసించేవి అంతకంటె ఎక్కువే. దక్షిణాన రోడ్సు, అది అన్నిటికంటె పెద్దది. ఉత్తరపు కొసన చిన్న పత్మాసు. నడుమ సిమి, టిలోసు, నిసిరోసు, కోసు, కాలిమ్నోసు, లేరోసు, లిప్సి వగైరా. అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయము తెరిస్తే, పౌలు యెరూషలేముకు పోయే దారిలో కోసు, రొదు, పతర అని వరుసగా కనబడతాయి. ఆ రొదే ఈ రోడ్సు. కాబట్టి దీవి నుండి దీవికి ఓడ మీద పోవడము నేటి విహారయాత్రికులు కనిపెట్టినదేమీ కాదు. ఈ దీవులు 1912లో ఇటలీ చేతిలోకి పోయి, రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1948లో అధికారికముగా గ్రీసులో చేరినవి. కోసులోను, లేరోసులోను ఇటలీ నాటి కట్టడములు నేటికీ నిలిచి ఉన్నవి.

ఇక ప్రయాణపు ఏర్పాట్ల మాట. పిల్లలు ఫోనులో పటము తెరిచి, వేలితో అటు ఇటు గీత గీసి, "పది రోజులు, ఏడు దీవులు" అంటారు. ఒప్పుకోకండి. మూడు చాలును. పటము మీద జానెడు దూరము కూడా లేదే అనిపిస్తుంది. కాని దీవి మారిన ప్రతిసారీ పెట్టెలు సర్దాలి, ఉదయమే గది ఖాళీ చేయాలి, ఎండలో రేవులో కూర్చోవాలి, ఓడ ఆలస్యమైతే ఇంకా కూర్చోవాలి, దిగిన తరువాత బస చేరాలి. సగము రోజు అక్కడే పోతుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలకు ఆ మిగిలిన సగము కూడా పడకకే సరిపోతుంది.

అంతకంటె ముఖ్యమైనది గాలి. జూలై, ఆగస్టు నెలలలో ఆ సముద్రము మీద ఉత్తరపు దిక్కు నుండి మెల్తెమి అనే గాలి వీస్తుంది. మన కోస్తా జిల్లాల వారికి పెద్ద గాలి అంటే మబ్బు, వాన, తుపాను హెచ్చరిక. అక్కడ అలా కాదు. ఆకాశము నీలముగా, నిర్మలముగా ఉంటుంది, ఎండ కాస్తూనే ఉంటుంది, సముద్రము మాత్రము తెల్లగా నురగలు కక్కుతుంది. అది ఒక రోజుతో తగ్గిపోవచ్చును, వరుసగా కొన్ని రోజులు వీయవచ్చును. గాలి హద్దు మీరితే రేవు అధికారులు ఓడలను కదలనివ్వరు. ముందు ఆగిపోయేవి వేగముగా పోయే జంట అడుగుల చిన్న ఓడలు, అంటే కాటమరానులు. (ఆ మాట మన తీరపుదే, తమిళుల కట్టుమరము నుండి పోయినది. అయితే ఆ ఓడకూ మన జాలరి తెప్పకూ పోలిక తక్కువ.) కార్లను, లారీలను మోసే పెద్ద ఓడలు ఆ తరువాత గాని ఆగవు. పౌలును రోమాకు తీసికొనిపోయిన ఓడను కూడా క్నీదు దగ్గర గాలి ముందుకు పోనివ్వలేదని 27వ అధ్యాయములో చదువుతాము. ఆ క్నీదు కోసు దీవికి దక్షిణాన, టర్కీ ఒడ్డున ఉన్న కొమ్మే. తరువాత వారిని కొట్టిన ఊరకులోను వేరే కాలపు గాలి, రెండింటినీ కలపకూడదు.

మా దగ్గరి బంధువుల కుటుంబమొకటి ఆగస్టులో వెళ్ళినది. మధ్యాహ్నము రోడ్సులో విమానము, ఆ ఉదయమే సిమి నుండి ఓడ. గంట ప్రయాణమే గదా అని ధీమా. ఆ ఉదయము ఓడ కదలలేదు. అయిదుగురికి విమానపు టిక్కెట్లు పోయినవి, ఏథెన్సులో ఎక్కవలసిన మరొక విమానము కూడా పోయినది. ఆ ఇంటి పెద్దాయన పెన్షను డబ్బులో నుండి కట్టిన టిక్కెట్లవి. మరుసటి రోజుకు సముద్రము చల్లబడినది గాని, సొమ్ము తిరిగి రాలేదు.

కాబట్టి దూరపు దీవితో మొదలుపెట్టి, విమానాశ్రయము ఉన్న దీవిలో ముగించండి. చివరి రెండు రాత్రులు అక్కడే ఉండండి. పత్మాసుకు విమానాశ్రయము లేదు. ఏథెన్సు రేవైన పిరేయసులో పెద్ద ఓడ ఎక్కితే సుమారు ఎనిమిది గంటలలో పత్మాసు చేరవచ్చును. ఆ ఓడ తరచు అర్ధరాత్రి వేళ దింపుతుంది గనుక బస ఇచ్చేవారికి ముందే చెప్పి ఉంచాలి. పత్మాసులో మూడు రాత్రులు. అక్కడి నుండి చిన్న ఓడలో సుమారు మూడు గంటలు వస్తే కోసు. ఇంచుమించు మరి అంత ప్రయాణము చేస్తే రోడ్సు. నడుమ ఒక్క రోజైనా ఏ పనీ పెట్టకుండా వదలండి. గాలి వీస్తే ఆ రోజు దానికి పోతుంది, వీయకపోతే మనవలు సముద్రములో ఆడుకొంటారు.

కాలము జూనుగాని, సెప్టెంబరుగాని అయితే మేలు. ఆగస్టు 15 మరియమ్మ పండుగ. ఆ వారములో గ్రీసువారందరూ సొంత దీవులకు పోతారు. ఓడలు, గదులు నిండిపోతాయి, వెల పెరుగుతుంది. ఎండ కూడా తక్కువ కాదు. 2023 జూలైలో రోడ్సులో అడవులు అంటుకొని సుమారు 19,000 మందిని ఇళ్ళ నుండి, హోటళ్ళ నుండి తరలించారు. చాలమంది కట్టుబట్టలతో బయలుదేరవలసి వచ్చినది. పాస్‌పోర్టులు, బి.పి., షుగరు మందులు ఒకే చిన్న సంచిలో, చేతికందే చోట ఉంచండి అని చెప్పడానికే ఈ మాట ఎత్తాను, భయపెట్టడానికి కాదు.

వీసా సంగతి. ఇక్కడి నుండి వెళ్ళేవారికి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణమునకు ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు చేసికోవచ్చును, ఆలస్యమైతే 15 రోజులలోపు తీసికొనరు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఒక చిక్కు ఉన్నది, శ్రద్ధగా వినండి. ఎఫెసు మొదలైన ఏడు సంఘముల స్థలములన్నీ ఎదుటి టర్కీ నేల మీద ఉన్నవి. కోసు నుండి బోద్రమ్ కంటికి కనబడుతూనే ఉంటుంది, ఓడలు పోతూనే ఉంటాయి. అంత దగ్గరకు వచ్చాము, ఎఫెసు కూడా చూసి వద్దామని అనిపించడము సహజము. కాని మీ వీసా ఒక్కసారి ప్రవేశమునకే అయితే, టర్కీలో దిగిన తరువాత మళ్ళీ గ్రీసులోకి రానివ్వరు. టర్కీకి వేరే వీసా కావాలి. ఎఫెసు చూడాలనుకొంటే దరఖాస్తులోనే పలుమార్లు ప్రవేశము అడగాలి.

పెట్టెలో ఆవకాయ పెట్టుకోవచ్చును. కోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా ఐరోపాలోకి తీసికొనిపోనివ్వరు. పెరుగు గురించి మాత్రము బెంగ వద్దు. అక్కడి పెరుగు చెంచా నిలబడేంత గట్టిగా ఉంటుంది.

పత్మాసు మొత్తము 34 చదరపు కిలోమీటర్లు. బోడి కొండలు, రాళ్ళు, చుట్టూ లోపలికి చొచ్చుకొనివచ్చిన సముద్రము. రేవు పేరు స్కాలా. కొండమీద ఊరు ఖోరా, ఆ ఊరి నడినెత్తిన కోటలాంటి యోహాను మఠము. దానిని 1088లో క్రిస్టొడులోసు అనే సన్యాసి, చక్రవర్తి ఇచ్చిన దానపత్రముతో కట్టనారంభించాడు. సముద్రపు దొంగల భయము చేతనే అంత మందపు గోడలు. రేవుకూ ఊరికీ మధ్య దారిలో గుహ ఉన్నది. యోహాను దర్శనములు చూచినది అక్కడేనని సంప్రదాయము. గుహలోకి మెట్లు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. మోకాళ్ళు బాగులేనివారు ఆ పూట ఇంకేమీ పెట్టుకోకండి. విహార నౌకలు వచ్చిన రోజున గుహలో నిలబడే చోటు కూడా ఉండదు. రేవులో పెద్ద నౌక లేని ఉదయము చూసి వెళ్ళండి. ఒక్క రాత్రి బసతో తిరిగి వచ్చేవారికి ఆ వెసులుబాటు ఉండదు. మూడు రాత్రులు అన్నది అందుకే. మధ్యాహ్నము తలుపులు మూస్తారు. చీర కట్టుకొన్న తల్లులకు ఏ ఇబ్బందీ లేదు. నిక్కర్లు తొడుగుకొన్న మనవలను గుమ్మములోనే ఆపుతారు. లోపల క్రొవ్వొత్తులు, పటములు, వాటిని ముద్దుపెట్టుకొనేవారు కనబడతారు. మన పద్ధతి వేరు. ఆ ఇంటికి అతిథులుగా వెళ్ళాము గనుక మౌనముగా ఒక ప్రక్కన నిలబడితే సరిపోతుంది.

కోసు హిప్పోక్రటీసు పుట్టిన దీవి. మన సంఘములో నర్సులు, డాక్టర్లు ఎక్కువ గనుక అక్కడి అస్క్లేపియోను శిథిలములు చూడవలసినవే. 2017 జూలైలో వచ్చిన భూకంపము ఆ రేవును దెబ్బతీసి ఇద్దరిని బలిగొన్నది. రోడ్సులో యోధులు 1309 నుండి 1522 వరకు ఏలిన కోట ఊరు సాయంకాలము చూడదగినది, మధ్యాహ్నము కాదు. అక్కడికి దక్షిణాన లిండోసు. పౌలు దిగినట్లు చెప్పుకొనే చిన్న అఖాతము ఆ కొండ క్రిందనే ఉన్నది. నీళ్ళు లోతు లేనివి, పిల్లలకు అనువైనవి.

రోడ్సులో కొన్న దీవుల పటము ఒకటి తెచ్చి బల్లమీద పెట్టాను. ఈ ఏడు వెళ్ళదలచినవారు టీ త్రాగేటప్పుడు దగ్గరకు వస్తే, మీ తేదీలను బట్టి ఏ ఓడ తరువాత ఏ ఓడ ఎక్కాలో కూర్చొని చూద్దాము.