పసికందుకు నొప్పి తెలియదా?



పసిబిడ్డల వార్డులో పనిచేసే నర్సులమైన మేము తరచుగా వినే మాట ఒకటున్నది. "నెత్తుటి గుడ్డు, వాడికేం తెలుస్తుందమ్మా, సూది వేసేయండి" అంటారు పెద్దవాళ్ళు. వారిని తప్పు పట్టలేము. పెద్ద పెద్ద డాక్టర్లే చాలాకాలము ఇట్లే నమ్మారు.

అప్పుడే పుట్టిన బిడ్డ నరములపై కొవ్వుపొర పూర్తిగా ఏర్పడదు గనుక నొప్పి మెదడుకు చేరదని వారి తలంపు. మత్తుమందు ఇస్తే అంత చిన్న ప్రాణము తట్టుకోలేదన్న భయము కూడ ఉండేది. అందులో కొంత న్యాయము లేకపోలేదు. కాని జరిగినదేమి? 1985లో అమెరికాలోని వాషింగ్టనులో నెలలు నిండక పుట్టిన జెఫ్రీ లాసన్ అనే శిశువుకు గుండె దగ్గరి రక్తనాళమునకు ఆపరేషను చేశారు. కదలకుండా ఉండేందుకు మందు ఇచ్చారే గాని నొప్పి తెలియకుండా ఏమీ ఇవ్వలేదు. తరువాత కొద్ది వారాలకు బిడ్డ చనిపోయాడు. ఈ సంగతి ఆలస్యముగా తెలుసుకున్న తల్లి జిల్ లాసన్ ఊరకుండలేదు. 1986లో పత్రికల ద్వారా లోకమునకు తెలియజేసింది. ఆ బిడ్డ ఏడ్వలేదు, కాలు కదపలేదు. ఏడ్వలేకపోవుట వేరు, నొప్పి లేకపోవుట వేరు.

ఇండోరులో వైద్యము చదివి ఆక్స్‌ఫర్డు వెళ్ళిన మన దేశస్థుడు డాక్టరు కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు 1987లో తమ పరిశోధన ప్రకటించారు. ఆపరేషనులో ఫెంటనిల్ అనే నొప్పి మందు కూడ ఇచ్చిన బిడ్డలు, ఇవ్వని బిడ్డలకంటె బాగుగా కోలుకున్నారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘము కూడ అదే సంవత్సరము, శిశువులకు మత్తు ఇవ్వవలెనని చెప్పింది. ఇక కొవ్వుపొర మాట: పొర లేని సన్నని నరములు పెద్దవారిలోనూ నొప్పిని మోస్తూనే ఉన్నవి. పైగా నొప్పిని అణచే మార్గము బిడ్డలో ఆలస్యముగా ఎదుగుతుంది. కనుక నెలలు నిండని బిడ్డకు బాధ ఎక్కువే కావచ్చును.

మరి మాటలు రాని బిడ్డ బాధ మాకెట్లా తెలుస్తుంది? ముఖము చూస్తాము. కనుబొమలు ముడిపడి ఉబ్బుతవి, కళ్ళు గట్టిగా మూసుకుంటవి, ముక్కు పక్కన గీత లోతుగా పడుతుంది. 1993లో వచ్చిన ఒక కొలతలో ముఖము, ఏడుపు, ఊపిరి, చేతులు, కాళ్ళు, మెలకువ చూచి 7 మార్కులకు లెక్క వేస్తారు. అయితే బాగా నీరసించిన బిడ్డ ఏడ్వడు, వాలిపోయి ఉంటాడు. ఊరికే ఏడ్చే బిడ్డకంటె ఇతని దగ్గరే మేము ఎక్కువసేపు నిలబడతాము. కెనడా నర్సు బోనీ స్టీవెన్స్, ఆమె తోటివారు 1996లో ప్రచురించిన కొలతలో, నెలలు తక్కువైన కొద్దీ మార్కులు కలుపుతారు. అది చాల న్యాయమని మాకు తోస్తుంది.

ఆపరేషను నొప్పికి డాక్టరు వ్రాసిన మందే కావలెను. అప్పుడు ఊపిరి కనిపెట్టి ఉండుట మా పని. చిన్న సూదులకు వేరే ఉపాయములున్నవి. బిడ్డ చేతులు, కాళ్ళు దగ్గరికి ముడిచి అరచేతులతో పొదివి పట్టుకుంటాము. రక్తము నాలుగుసార్లు తీయకుండా ఒక్కసారే తీసేటట్లు చూస్తాము. నెలలు నిండిన బిడ్డకు మడమ గుచ్చుటకంటె నేర్పరి చేత నరములో తీయించుటే నయము. సూదికి రెండు నిమిషముల ముందు కొలిచిన చక్కెర ద్రావణము కొద్ది చుక్కలు నాలుకపై వేయుట కూడ ఉన్నది. ఇది విని ఇంట్లో తేనె, చక్కెర నీళ్ళు నాకించవద్దు. ఆసుపత్రిలో ఇచ్చేది వేరు. తేనె పసిబిడ్డకు ప్రమాదము.

అన్నిటికంటె మంచిది తల్లి దగ్గరనే ఉన్నది. పుట్టగానే మన బిడ్డలకు బి.సి.జి., హెపటైటిస్ బి, విటమిన్ కె సూదులు పడతవి. ఆ సమయములో "అది చూడలేదు, బయటికి రానీయండి" అని బాలింతను పిలుచుకుపోతారు. పిలవవద్దని మా మనవి. సూదికి కొద్ది నిమిషముల ముందే బిడ్డకు పాలు పట్టించండి. బిడ్డ బాగా చప్పరించడము మొదలుపెట్టిన తరువాతనే మేము సూది తీస్తాము. పాలు త్రాగలేని బిడ్డనైతే బట్ట అడ్డము లేకుండా తల్లి రొమ్ముకు ఆనించి పైన దుప్పటి కప్పండి. సూది అయిపోయినదని వెంటనే తీసివేయక ఇంకా కొంతసేపు అట్లాగే ఉంచండి. తల్లికి ఒంట్లో బాగుండకపోతే నాన్న చొక్కా విప్పి కూర్చున్నా సరే. సిగ్గుపడనక్కరలేదు, తెర మేము వేస్తాము.