పేరు సున్నితం, వేరు గట్టి



అత్తిపత్తి ఆకును వేలితో తాకితే ముడుచుకుంటుందని మనకందరికీ తెలుసు. 'సెన్సిటివ్ ఫెర్న్' అనే పేరు వింటే ఇదీ అలాంటిదే కాబోలు అనుకుంటాం. కానే కాదు. ఎంత తాకినా దీని ఆకు కదలదు. దీనికి పడనిది మంచు.

ఉత్తర అమెరికా తూర్పు భాగంలో, చిత్తడి నేలల్లో పెరిగే మొక్క ఇది. మన పిల్లలు ఎందరో కాపురాలుంటున్న న్యూజెర్సీలోనూ ఉంది. చలి మొదలై, తొలిసారి మంచు గడ్డకట్టిన రాత్రికే వెడల్పాటి పచ్చని ఆకులు కమిలి గోధుమరంగుకు తిరుగుతాయి. అందుకే ఆ పేరు. 1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి పెట్టిన శాస్త్రీయ నామంలోనూ 'సెన్సిబిలిస్' అనే మాటే ఉంది.

అంతమాత్రాన ఇది అర్భకపు మొక్క అనుకోకండి. దీనికి మరో రకం ఆకు ఉంది. నిటారైన కాడకు పూసలు గుచ్చినట్లు చిన్న ఉండలుంటాయి. అందుకే పూసల ఫెర్న్ అనీ అంటారు. ఫెర్నుకు పువ్వూ కాయా ఉండవు కదా! విత్తనాలకు బదులు పొడిలాంటి సిద్ధబీజాలు ఆ ఉండల్లో దాగి ఉంటాయి. ఆ కాడ చలికాలమంతా మంచులోనే నిలబడి, వసంతంలో వాటిని గాలికి వదులుతుంది. నేలలో పాకిన కాండం కూడా మళ్ళీ చిగురిస్తుంది.

మన ఇళ్ళలో ఓ పిల్ల మాట పడలేక చిన్నబుచ్చుకుంటే, "అబ్బో, మహా సున్నితం! రేపు ఎలా నెగ్గుకొస్తుందో" అనేస్తాం. దానికి పడనిది ఏమిటో చూడండి, దాని చేతకానితనమని మాత్రం అనకండి.